బూట్లు బిగుతయ్యాయనుకున్నాం

ఆ శుక్రవారం ఎడారిలో పార పట్టుకుని ఇసుక తవ్వుతున్న మా ఆయన ఉన్నట్టుండి కూలబడిపోయారు. "ఏమైందండీ?" అంటే ఏం లేదన్నట్టు చెయ్యి ఊపారు.

ఎడారిలో తవ్వుడేమిటని మీకు అనిపించవచ్చు. మా ఆయనకు మంచు కొండల పిచ్చి. లిఫ్టులున్న చోట రెండు శీతాకాలాలు ఇద్దరం స్కీయింగ్ నేర్చుకున్నాం. ఈసారి జార్జియాలో లిఫ్టులు లేని కొండలకు వెళ్దామని గైడ్‌ను మాట్లాడుకున్నాం. స్కీల కింద పట్టీలు అంటించుకుని నడిచి ఎక్కాలి, పైనుంచి జారుతూ దిగాలి. మంచు విరిగిపడి ఎవరైనా పూడుకుపోతే వెతకడానికి ఒక్కొక్కరి ఒంటి మీద సిగ్నల్ ఇచ్చే చిన్న యంత్రం ఉంటుంది. మేముండే దోహాలో మంచెక్కడిది? అందుకే ఒకదాన్ని ఇసుకలో పాతి, రెండోదానితో వెతికి, తవ్వి తీసేవాళ్ళం. కొండల్లేని ఊరు కాబట్టి అల్ హిలాల్‌లో మా బిల్డింగ్ మెట్లే మాకు కొండ. వీపున బాస్మతి బియ్యం సంచి మోసుకుంటూ పార్కింగ్ నుంచి టెర్రస్ దాకా ఎక్కుతుంటే పక్క ఫ్లాట్లవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ అనుకునేదాన్ని.

ఇసుకలో కూలబడింది నీళ్ళు తాగక అనుకున్నాం. తర్వాత దగ్గు పట్టుకుంది. "ఏసీ దగ్గులేవే" అన్నారు. ఈ ఊళ్ళో ఏ రోగమొచ్చినా ఏసీ నెత్తినే రుద్దుతారు. ఆ తర్వాత బూట్ల గోల మొదలైంది.

కాలికి అచ్చు పోసినట్టున్నాయని మురిసిపోయి కొన్న స్కీ బూట్లవి. కాలికి అలవాటు కావాలని సాయంత్రాలు వాటితోనే హాల్లో టకటకా తిరిగేవారు. ఒకరోజు బకిల్ పడలేదు. షాపువాడితో గొడవపడి వెడల్పు చేయించారు. వారం తిరక్కుండానే మళ్ళీ పట్టలేదు. మాతో రావాల్సిన నరేందర్, ఆయన ఆఫీసులో పనిచేసే కరీంనగర్ కుర్రాడు, సోఫాలో కూర్చుని ఒకటే నవ్వు.

"బూట్లు చిన్నగైతయా అన్నా? నీ కాళ్ళే పెద్దగైనట్టున్నయ్!"

మేమూ నవ్వాం. మర్నాడు మా ఆయన ఒక సైజు పెద్ద బూట్లు కొనుక్కొచ్చారు.

ప్రయాణం ఇన్సూరెన్స్‌కు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలంటే క్లినిక్‌కు వెళ్ళాం. అక్కడి మలయాళీ డాక్టరమ్మ ఆయన ప్యాంటు పైకి జరిపి, కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. వేలు తీసినా అలాగే ఉండిపోయింది.

"ఈ స్వెల్లింగ్ ఎప్పటినుంచి?"

"స్వెల్లింగ్ కాదు డాక్టర్, బూట్లు టైటు" అన్నారీయన.

"సర్, షూస్ ఆర్ ఫైన్. మీ హార్ట్ చూడాలి."

పెద్ద హాస్పిటల్లో ఎకో తీశారు. నార్మల్‌గా యాభై అయిదు పైన ఉండాల్సిన ఈఎఫ్, అంటే గుండె రక్తం పంప్ చేసే శక్తి, ఇరవై ఉంది. డైలేటెడ్ కార్డియోమయోపతీ, అంటే గుండె కండరం సాగి బలహీనపడిందన్నారు. వేసవిలో వచ్చిన వైరల్ ఫీవర్ గుండెకు తగిలి ఉండవచ్చట. లేసిక్స్ ఇంజెక్షన్లకు ఒంట్లో నీరంతా దిగి, మా ఆయన కాళ్ళు పుల్లల్లా బయటపడ్డాయి. ఇంటికొచ్చాం, కాస్త తేరుకున్నారు అనుకుంటుండగానే వంటింటి గుమ్మంలో కుప్పకూలారు. గుండె లయ తప్పిందన్నారు. మళ్ళీ ఐసీయూ. లయ తప్పితే షాకిచ్చి సరిచేసే ఐసీడీ అనే చిన్న యంత్రాన్ని ఛాతీలో పెట్టారు.

డిశ్చార్జి రోజున ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "డాక్టర్, వచ్చే వింటర్‌కి వెళ్ళొచ్చా?"

కార్డియాలజిస్ట్ నా వైపు చూసి, మళ్ళీ ఆయన వైపు తిరిగాడు. "హై ఆల్టిట్యూడ్ వద్దు. హెవీ లోడ్ వద్దు. ఎప్పటికీ వద్దు. సారీ."

రాజమండ్రి నుంచి మా అత్తగారు ఫోన్లో, "ప్రాణం దక్కింది, అదే పదివేలు నాయనా! ఆ మంచూ గించూ మనకెందుకురా?" అన్నారు. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ అదే మాట. ఆయన అందరికీ "అవునవును" అనేవారు. అనీ అనీ, చివరికి మాట్లాడటమే మానేశారు. టీవీ ముందు కూర్చునేవారు గానీ చూసేవారు కాదు. ఐసీయూలో ఉన్నప్పటికంటే అప్పుడే నాకు ఎక్కువ భయమేసింది.

నరేందర్ గైడ్‌తో వెళ్ళాడు. వాడు వెళ్ళనన్నా వినకుండా మా ఆయనే పంపించారు. అల్ ఘర్రాఫా పార్కులో ఒక రౌండు నడిచి బెంచీ మీద కూర్చున్నప్పుడు వాడి వీడియో వచ్చింది. తెల్లటి వాలు మీద మనిషి జారుతున్నాడు. మా ఆయన దాన్ని మళ్ళీ మొదటినుంచి పెట్టారు. పక్క బెంచీలో మనుషులున్నారు. అయినా నేను అనేశాను, "అక్కడ మీరు ఉండాల్సిందండీ."

అంతే, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చారు. నేనూ ఆపుకోలేదు. చాలాసేపటికి ముక్కు తుడుచుకుని, "వాడు మోకాళ్ళే వంచట్లేదు చూడవే, వెధవ" అన్నారు. ఎన్నాళ్ళకో విన్న మాట అది.

ఇప్పుడు ఈఎఫ్ ముప్పై అయిదు. మళ్ళీ నీరు చేరుతోందేమోనని రోజూ పొద్దున్నే బరువు చూస్తాం, ఉప్పు వద్దన్నారని ఆవకాయ జాడీని అటక మీదికెక్కించాం. ఆయన డ్యూటీకి వెళ్తున్నారు. ఇంతకన్నా పెరుగుతుందని డాక్టర్ మాటివ్వలేదు.

మీ ఇంట్లో ఇలాంటి పేషెంటు ఉంటే నేను చెప్పేదొకటే. "అదే పదివేలు" అనకండి. ఏం పోయిందో దాని పేరెత్తి, పక్కన కూర్చోండి. మా ఆయన నాకు దక్కారు. ఆయనకు కొండలు దక్కలేదు. దాని కోసం ఏడవడానికి కూడా ఇంట్లో కాస్త చోటుండాలి.