బాపు ఎగిరిపోకుండా

మొన్న విమానం ఎక్కబోతుంటే రన్‌వే వైపు నుంచి కాలిన రబ్బరు వాసన వచ్చింది. మా ఆదిలాబాద్‌లో విమానాలు దిగని పాత ఎయిర్‌పోర్టు మైదానం గుర్తొచ్చింది. పత్తి అమ్మకాలు ముగిశాక ఏటా అక్కడ కార్ల పందెం పెట్టేవారు.

మా ఇంట్లో నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాణ్ణి. నాకు ఆరేళ్లప్పుడు బాపు తన అంబాసిడర్‌తో పందెంలో దిగాడు. విమానం ఎట్లా ఎగురుతుందని ముందురోజు అడిగితే, "రన్‌వే మీద జోరుగ ఉరుకుతది, ఇగ లేస్తది" అన్నాడు. రన్‌వే ఉంది, కారు జోరుగా ఉరుకుతుంది, కాబట్టి బాపు లేస్తాడు. మళ్లీ ఎట్లా దిగుతాడో మాత్రం ఆయన చెప్పలేదు.

పందెం రోజు అవ్వ కొంగు పట్టుకుని ఏడ్చాను. "అవ్వా, నువ్వు గూడ ఎక్కు. బరువుంటే బాపు మీదికి పోడు."

"నేను గంత లావున్ననారా?" అంటూనే అవ్వ సద్దిగిన్నెతో సహా వెనక సీట్లో కూర్చుంది.

"దిగవే! ఇది పందెం, పెండ్లి కాదు!" అని బాపు మొత్తుకున్నాడు.

"పోనియ్యి. జర మెల్లగ."

మూడు జీపులు, ఒక ఫియట్ వచ్చేశాక, చాలాసేపటికి బాపు వచ్చాడు. నాలుగు చక్రాలూ నేలమీదే ఉన్నాయి. అందరూ నవ్వుతుంటే నేనొక్కణ్ణే చప్పట్లు కొట్టాను. మరుసటి ఏటి నుంచి కారులో డ్రైవరు ఒక్కడే ఉండాలని రూలు పెట్టారు.

రెక్కల సంగతి నేను ఇంజనీరింగ్‌లో చదువుకున్నాను. కారు ఎగరదని అవ్వకు ఆ రోజే తెలుసు. బాపు తోలే జోరంటే మాత్రం నాకన్నా ఆమెకే ఎక్కువ భయం. కారెక్కడానికి నా ఏడుపు ఆమెకు బాగా పనికొచ్చింది.