దాలయ్య తెరిచిన కళ్ళు

దాలయ్యంటే నాకు కుళ్ళు. దాచుకోవడం దేనికి, కాశీబుగ్గ బజారులో అందరికీ తెలిసిన సంగతే. ఇద్దరం ఒకే పెయింటరు దగ్గర రంగుడబ్బాలు కడిగి, కుంచె పట్టడం నేర్చుకున్నాం. ఫ్లెక్సీలు రాగానే నేను మిషను కొన్నాను. వాడు కుంచె వదలలేదు. ఇప్పుడు నాది ఏసీ షాపు, వాడిది రేకుల షెడ్డు. అయినా ‘ఆర్టిస్టు గారూ’ అని జనం పిలిచేది వాడినే. నన్నేమో ‘ఫ్లెక్సీ నారాయణరావు’ అంటారు. ఒళ్ళు మండదా?

చనిపోయినవాళ్ళ బొమ్మలు వేయడం వాడి పని. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ళు లేని ఊరు లేదు. చాలామందికి సరైన ఫొటో కూడా ఉండదు. ఆఖరి రోజుల్లో మంచం మీద సెల్లుతో తీసిన ఫొటో పట్టుకొస్తారు, కళ్ళు మూతలు పడి ఉంటాయి. దాలయ్య కొలత తప్పకుండా ఫొటో మీద గళ్ళు గీసుకుని మొహమంతా వేసి, ఆఖర్న కళ్ళు తెరుస్తాడు. పెద్దకర్మ రోజు ఆ బొమ్మకు దండ వేస్తూ, "మమ్మల్నే సూత్తన్నాడర్రా" అని ఇంటివాళ్ళు బావురుమంటారు. నా ఫ్లెక్సీ చూసి ఇంతవరకూ ఒక్కరూ ఏడవలేదు.

వాడి భార్య పెద్దతల్లి కూడా ఆ జబ్బుతోనే పోయింది. మూడేళ్ళయింది. ఆమె బొమ్మ మాత్రం వాడు వేయలేదు. అడిగితే, "సెయ్యి రాదు బావా" అన్నాడు.

కిందటి వేసవిలో టెక్కలి పళ్ళడాక్టరు సింధూర కారు నా షాపు ముందే ఆగింది. ఆమె చేతిలో ఒక రంగుల కాగితం. నూరేళ్ళు దాటిన విదేశీ బొమ్మ, కంటికి కనబడేది కాక మనసులోది వేసే సింబలిస్టు చిత్రమట. ఒకావిడ కళ్ళు మూసుకుని కల కంటున్నట్టు ఉంది. చుట్టూ నీలం, అందులో తేలుతున్న పూలు. తన క్లినిక్కులో పెట్టుకోవడానికి నూనెరంగుల్లో చేత్తో వేసిన నకలు కావాలంది. నేను సరేననేలోగా, "దాలయ్యగారి షెడ్డు ఎటండీ?" అని అడిగింది. చెయ్యి చూపించాను. ఆ పూట అన్నం సయించలేదు.

నెలరోజులు ఏదో ఒక వంకతో వెళ్ళి తొంగిచూశాను, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు. నీలం అచ్చంగా దిగిపోయింది, మెడవంపు కూడా. ఆఖరిరోజు వెళ్ళేసరికి నా పంట పండింది. దాలయ్య ఆ బొమ్మకు కళ్ళు తెరిచేశాడు! ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే పోయి ఉంటుంది. చెప్పాలి కదా? చెప్పలేదు. "అదిరిపోనాదిరా" అని మెచ్చుకుని, సింధూర వచ్చేదాకా ఉండి తమాషా చూద్దామని అక్కడే బెంచీ మీద కూర్చున్నాను.

ఆమె వచ్చి, బొమ్మ దగ్గరికి వంగి చూసింది.

"చాలా బాగుందండీ. కానీ కళ్ళు మూసి ఉండాలి. ఈ బొమ్మకు అందమంతా అదే."

దాలయ్య కాగితం వంక చూశాడు, బొమ్మ వంక చూశాడు. అప్పుడు తెలిసింది వాడికి.

"తప్పయిపోనాదమ్మా. కూకోండి, ఇప్పుడే మూసేత్తాను."

ఒంటిరంగు కలిపాడు. కుంచె కంటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ దించాడు. నా కడుపు చల్లబడింది. అంతలో వాడు నా దగ్గరికొచ్చి, కుంచె నా చేతిలో పెట్టాడు.

"బావా, నువ్వే ముయ్యి."

"ఏటిరా, పిచ్చా? నీ బొమ్మ నాను ముట్టుకోడమేటి?"

"అప్పుడూ నువ్వే మూసినావు కదా. నా వల్ల కానేదు. ఇప్పుడూ అవదు."

అప్పుడు చూశాను ఆ కళ్ళలోకి. విదేశీ మొహంలో పెద్దతల్లి కళ్ళు. ఎడమది కుడిదానికన్నా కాస్త చిన్నది. ఆస్పత్రిలో దాలయ్య గోడవైపు తిరిగి నిలబడిపోతే, నేను నా వేళ్ళతో మూసిన కళ్ళే అవి.

వాడు షెడ్డు బయటికి వెళ్ళిపోయాడు. నేను ముందు ఎడమ కన్ను మూశాను, తర్వాత కుడిది. పదేళ్ళుగా కుంచె పట్టని చెయ్యి, ఒక్క గీత తప్పలేదు.

సింధూర దగ్గరికొచ్చి చూసింది. "బొమ్మ మొత్తానికీ ఈ రెప్పలే బాగా కుదిరాయి, ఆర్టిస్టు గారూ" అంది, నాతోనే.

ఆ పిలుపు కోసమే ఇన్నాళ్ళూ కుళ్ళాను. తీరా వచ్చాక సిగ్గుతో చచ్చిపోయాను. కుంచె కడిగిపెట్టి బయటికొచ్చాను. దాలయ్య తల ఎత్తలేదు.

"మూసేసినావా, బావా?"

"మూసేసినాన్రా."