బకెట్టులో మునిగిన ప్రథమ ఫలం

చాట్రాయి మండలానికి ఉద్యానవన అధికారిగా నన్ను వేసింది ఒక మార్చి నెలలో. అప్పటికి పదవీ విరమణకు మూడేళ్లే మిగిలి ఉన్నాయి. ఉద్యానవన అధికారి అంటే పూలకుండీలు చూసుకునేవాడని మా బంధువులు చాలాకాలం అనుకున్నారు. నిజానికి నూజివీడు చుట్టుపక్కల ఆ ఉద్యోగమంటే మామిడే. పూత మీద తేనెమంచు పురుగు పడితే ఏ మందు కొట్టాలో చెప్పాలి, కాయ ఎప్పుడు కోయాలో చెప్పాలి, కోశాక కార్బైడ్ మందు పెట్టి మగ్గేయొద్దని చెప్పాలి. ఆ చివరిది ఎవరూ వినరు.

నా దగ్గర ఒక ప్లాస్టిక్ బకెట్టు ఉండేది. కాయ ముదిరిందో లేదో రైతుకు చూపించడానికి అంతకన్నా సులువైన పరీక్ష లేదు. ముదిరిన కాయ నీళ్లలో మునుగుతుంది, లేతది తేలుతుంది. ముచ్చిక దగ్గర కాయ భుజాలు లేచాయా అని చూసే పద్ధతి కూడా ఉంది గానీ, భుజాల గురించి నాతో గంటసేపు వాదించే రైతు బకెట్టుతో వాదించలేడు.

నేను క్రైస్తవుణ్ని. ఆఫీసులో ఆ మాట ఎత్తేవాణ్ని కాదు. బల్ల మీద వాక్యం ఉన్న క్యాలెండరు కూడా పెట్టలేదు. ప్రభుత్వ కార్యాలయం అందరిదీ, నా సాక్ష్యం నా పనిలో కనబడితే చాలునని నా లెక్క. ఆదివారం చర్చి, మిగతా రోజులు తోటలు.

అక్కడి మా చర్చిలో ఏప్రిల్ మధ్యలో ప్రథమ ఫలాల ఆదివారం జరిపేవారు. తోట ఉన్న ప్రతి కుటుంబమూ తొలి పండ్ల బుట్ట తెచ్చి బలిపీఠం ముందు పెడుతుంది. ఆరాధన అయ్యాక ఆ బుట్టల్ని వేలం వేస్తారు. ఆ ఏడు పూత ఆలస్యమైంది. బంగినపల్లి కాయ మే నడిమికి గానీ ముదరదు. ఆదివారం మాత్రం కదల్లేదు. కాస్త జరపమని పాస్టరు గారిని అడిగాను. మంచి మనిషి, శ్రద్ధగానే విన్నారు. "ప్రథమ ఫలమంటే ప్రథమంగా ఇవ్వాలి కదా బ్రదర్! ముదిరేదాకా ఆగితే ఇంక ప్రథమం ఏముంది?" అన్నారు.

ఆ వారమే రత్నమ్మ ఆఫీసుకు వచ్చింది. మా చర్చి మనిషే, చిన్న తోట ఉంది. అంతకు ముందు ఆమె భర్తకు గుండె జబ్బు వచ్చి, బతకడం కష్టమన్నారు. బతికితే ఆ ఏటి తొలి కాయలు దేవుడివని మొక్కుకుంది. ఆయన బతికాడు. ఆఫీసులో నన్ను సార్ అనీ, చర్చిలో అన్నయ్యగారూ అనీ పిలిచే మనిషి, ఆ రోజు ఆఫీసులోనే "అన్నయ్యగారూ, ఒక్క బుట్ట కోసేసుకోమంటారా?" అని అడిగింది.

తోటకు వెళ్లి, కొమ్మకొకటి చొప్పున కాయలు కోయించి బకెట్టులో వేశాను. అన్నీ తేలాయి. లేత కాయలమ్మా, ఆగాలి అన్నాను.

"అందరూ కోసి మందు పెట్టేస్తున్నారు కదండీ. నేనొక్కదాన్నే ఒట్టి చేతుల్తో వెళ్తే మొక్కు తప్పినట్టు కాదా?" అంది. తేలుతున్న కాయల్ని చూస్తూ, "ఈ బకెట్టు మాకండీ. దేవుడికి కూడా ఉంటుందా?" అంది.

నిజంగానే తికమకపడ్డాను. ఒక్క బుట్ట కోస్తే తోటకు నష్టం లేదు. కార్బైడ్ పెట్టొద్దనడం తప్ప అధికారిగా నేను చెప్పగలిగిందేమీ లేదు. విశ్వాసిగా ఏం చెప్పాలి? మందుతో రంగు తెప్పించిన లేత కాయను దేవుడి ముందు పెట్టమనాలా? మొక్కు తీర్చకుండా ఊరుకోమనాలా? రెండూ తప్పుగానే కనిపించాయి. చివరికి, "నాకు తెలియదమ్మా. కాయ మాత్రం ముదరలేదు" అన్నాను. ఇంత చదువుకుని చెప్పేది ఇదా అన్నట్టు చూసింది.

ఆదివారం నాటికి బలిపీఠం ముందు పసుప్పచ్చటి బుట్టలు బారులు తీరాయి. రంగు ఉంది, వాసన లేదు. రత్నమ్మ ఒట్టి చేతులతో వచ్చి చివరి వరసలో కూర్చుంది. వేలం మొదలవకముందే వెళ్లిపోయింది. ఆ తర్వాత చర్చికి రావడమే మానేసింది. మొక్కు తప్పాను, మొగుడికేమవుతుందోనని కుమిలిపోతోందని మా ఆవిడ చెప్పింది. కార్బైడ్ పెట్టినవాళ్లు దీవెన అందుకుని ఇళ్లకు వెళ్లారు, నా మాట విన్న మనిషి ఇంట్లో కూర్చుని ఏడుస్తోంది. ఇందులో దేవుడికి మహిమ ఎక్కడుందో ఎంత ప్రార్థించినా బోధపడలేదు.

మే నెలలో ఒక సోమవారం, ఆఫీసు నిండా రైతులుండగా రత్నమ్మ బుట్టతో వచ్చింది. బుట్ట నా బల్ల మీద పెట్టింది.

"ఆగమన్నది మీరే కదండీ. ఇక్కడే దేవుడికి ఇచ్చేస్తాను. ప్రార్థన చెయ్యండి."

నా ఎదురు కుర్చీలో నుదుట బొట్టుతో పక్క ఊరి పెద్ద రైతు ఒకాయన కూర్చుని ఉన్నాడు. ప్రభుత్వ కార్యాలయంలో పనివేళ నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేయవచ్చా? చేయనంటే ఈ మనిషి ఏమైపోతుంది? చేతులకు తెలిసిన పని ఒక్కటే. బకెట్టు ముందుకు లాక్కుని, బుట్టలోంచి ఒక కాయ తీసి నీళ్లలో వదిలాను. మునిగింది. ఇంకొకటి వదిలాను. అదీ మునిగింది. బుట్ట ఖాళీ అయ్యేదాకా ఒక్కొక్కటీ వదులుతూనే ఉన్నాను. ఆఖరి కాయ అడుక్కు చేరాక రత్నమ్మ "ఆమేన్" అంది. కొంగుతో కాయలు తుడిచి బుట్టకెత్తుకుని, నేరుగా పాస్టరు గారింటికి తీసుకెళ్లింది. ఆ తర్వాతి ఆదివారం భర్తతో కలిసి చర్చికి వచ్చింది.

ఆమె వెళ్లాక ఆ పెద్ద రైతు తన కాయల సంచి నా ముందుకు జరిపి, మావీ అలాగే చూడండి సార్ అన్నాడు.

ప్రథమ ఫలాల ఆదివారం ఇప్పటికీ ఏప్రిల్‌లోనే వస్తుంది. ఆ ఏడు చర్చిలో లేచి కార్బైడ్ గురించి నాలుగు మాటలు చెప్పాల్సిందేమో, అదీ నాకు తేలలేదు. నా ఉద్యోగం వేరు, ఆరాధన వేరు అనుకున్నది మాత్రం నేనొక్కడినేనని తెలిసింది. అప్పటినుంచి పదవీ విరమణ దాకా, ఏ రైతు కాయలు తెచ్చినా, అవి ఎవరి మొక్కు కాయలోనని ముందు లేచి బకెట్టులో నీళ్లు మార్చేవాణ్ని.