ఎస్తేరమ్మ ఒప్పుకోని ఎట్సెట్రా

1979లో నేను నంద్యాలలో ఒక సివిల్ కోర్టులో టైపిస్టును. సాక్షి తెలుగులో చెప్పింది జడ్జిగారు ఇంగ్లీషులో పలికితే నేను టైపు చేసేవాణ్ణి. ఆ కాగితాన్ని డిపొజిషన్ అంటారు. చివర దాన్ని సాక్షికి తెలుగులో చదివి వినిపించి, సరేనంటే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. మామూలుగా అదొక తంతు.

ఇంగ్లీషులో ఎదుటివాడి మాట తెగ్గొట్టడానికి ఎన్ని పదాలున్నాయో నాకు అక్కడే తెలిసింది. సాక్షి పురాణం మొదలుపెడితే జడ్జిగారు “ఎట్సెట్రా” అనేవారు. వకీళ్ళు “సో ఆన్ అండ్ సో ఫోర్త్” అనేవారు. ఒక వకీలైతే వేళ్ళను బాతు ముక్కులా ఆడిస్తూ “బ్లా బ్లా బ్లా” అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం.

ఎస్తేరమ్మ దావాలో అవతలి పక్షం వకీలు ఆ బాతు ముక్కాయనే. ఆమెది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. భర్త పోయాక ఉన్న కాస్త చేనూ తనే చేసుకుంటోంది. చేనికి పోయే బండి రస్తాకు పక్క పొలం ఆసామి ముళ్ళకంప వేయించాడు. అక్కడ ఎన్నడూ దారే లేదని ఆయన వాదన. ఉందని రుజువు కాకపోతే ఆమె చేను బీడు పడాల్సిందే.

“ఆ రస్తాలో ఎవరెవరు పోయేవాళ్ళు?” అని ఆమె వకీలు అడిగాడు.

“మా మామ సొప్పబండి ఆడ్నించే తోలె. కుమ్మరి నాగన్న మన్నుకు ఆడ్నించే పోయె. మా ఆడబిడ్డకు నొప్పులొస్తే మంచం మీద ఆడ్నించే మోసుకపోయిరి. మా పాస్టరయ్య...”

బాతు ముక్కు ఆడింది. “బ్లా బ్లా బ్లా, యువరానర్!” కోర్టంతా నవ్వింది. జడ్జిగారు కూడా నవ్వి, నాకు “నాగన్న, ఎట్సెట్రా, ఎట్సెట్రా” అని చెప్పారు. అలాగే టైపు కొట్టాను.

సాక్ష్యం ముగిశాక గుమాస్తా చదివాడు. “మా మామ, కుమ్మరి నాగన్న, ఎట్సెట్రా, ఎట్సెట్రా...”

“ఎట్సెట్రా ఎవరప్పా? మా పల్లెలో ఆ పేరుగల్లోడు లేడే.”

మళ్ళీ నవ్వులు. ఆమె మాత్రం నవ్వలేదు.

“వేలెయ్యమ్మా, టైమైంది” అన్నాడు గుమాస్తా.

“యెయ్యను. ఎవరు పోయిరని మీరే అడిగితిరి, చెప్తి. ఆ మనుషుల్ని తీసేస్తే ఇంగ రస్తా యాడుంటాది సామీ?” చేతిని కొంగులో చుట్టుకుని జడ్జిగారి వైపు తిరిగింది.

లేవబోతున్న జడ్జిగారు కూర్చున్నారు. “యువరానర్, ఈమె తెల్లారేదాకా చెప్తుంది” అన్నాడు అవతలి వకీలు.

“చెప్పనివ్వండి” అని, జడ్జిగారు నన్ను కొత్త కాగితం ఎక్కించమన్నారు.

ఆమె చెప్పింది. గొంతు ఎండితే నీళ్ళు తాగి మళ్ళీ చెప్పింది. పిల్లల్ని బడికి తీసుకుపోయినవాళ్ళు, శవాలను మోసినవాళ్ళు, పాస్టరయ్య సైకిలు. ఆఖరున ఆసామి వైపు చూసి, “ఈయప్ప పెండ్లికి పెండ్లికూతురు బండి గూడ ఆడ్నించే వచ్చె. నేను ఎదురుపోయి నీళ్ళిచ్చినా” అంది.

తర్వాతి వాయిదాలో ఆసామి బోనెక్కాడు. ఆ బండి సంగతి అడిగితే కాదనలేక, “వచ్చింది నిజమే” అన్నాడు. తీర్పు ఎస్తేరమ్మ వైపు వచ్చింది. కంప తీసేశారు.

ఆ తర్వాత కూడా ఎట్సెట్రాలు ఆగలేదు. ఆగితే కేసులు తెమలవు. కానీ ఆ మాట వినపడగానే సాక్షి ముఖం చూడటం నాకు అలవాటైంది. అక్కడ ఇంకా మాట మిగిలి ఉందనిపిస్తే మిషన్ ఆపి, చెవికి అందనట్టు “సార్, ఇంకొక్కసారి” అనేవాణ్ణి. జడ్జిగారు విసుక్కుంటూనే సాక్షిని మళ్ళీ అడిగేవారు.