బూడిదలో దొరకని స్క్రూలు

పోయిన నెల ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, పద్మారావు నగర్‌లోని మా మందిరం మెట్ల మీద కీబోర్డు వాయించే యువకుడు నన్ను ఆపాడు. పాత వీడియో గేమ్ క్యాసెట్లు సేకరించడం అతనికి పిచ్చి. "వందనాలన్నా, జెర ఇది చూడు" అంటూ సంచిలోంచి ఒక అట్టపెట్టె తీశాడు. పెట్టె మీద సముద్రంలో దీపస్తంభం, దాని వైపు రాళ్ల మీద గెంతుకుంటూ పోయే పొట్టి పడవవాడు. ఆ పడవవాణ్ణి నేను వెంటనే గుర్తుపట్టాను. అతను మాత్రం హుషారుగా చెప్పుకుపోతున్నాడు. "ఒరిజినల్ అన్నా! అప్పుడు మన దగ్గర అందరి ఇండ్లల్ల నకలు క్యాసెట్లే. దీన్ని చేసిన కంపెనీ ఏడాదిలనే మూతపడ్డది. డబ్బా, పుస్తకం, క్యాసెట్ మూడూ కలిసి దొరుకుడే కష్టం. రెండు లక్షలు పలుకుతది." పెట్టె వెనక్కి తిప్పి మొహం చిట్లించాడు. "ఎవడో బేవకూఫ్ పెన్నుతోని గీకిండు. లేకుంటే ఇంకా ఎక్కువొచ్చేది."

ఆ బేవకూఫ్ రాత నాకు తెలుసు. మా తమ్ముడి పేరు, దాని కింద, 'ఎవ్వరూ ముట్టద్దు. అన్న సుత.'

ఎక్కడ దొరికిందని అడిగాను. "మోండా మార్కెట్ వెనక పాత సామాన్ల దుకాణంల. మన పాత సంఘపెద్ద తాత పోయినంక ఇల్లు ఖాళీ చేసిండ్రు కదా, ఆ సామానంట."

మస్కట్‌లో నర్సుగా పనిచేసే మా పిన్ని, తమ్ముడికి పన్నెండేళ్లప్పుడు తెచ్చిన ఆట అది. వాడు సబ్బుతో చేతులు కడుక్కుని గాని క్యాసెట్ తాకేవాడు కాదు. ఆడటం అయిపోగానే తుడిచి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, పెట్టెలో దింపి, ఆ పెట్టెను ట్రంకులో దుప్పటి కింద దాచేవాడు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో అందరికంటే ముందు 'ఆమెన్' వాడిదే. అమ్మ దాన్ని భక్తి అనుకునేది. వాడి కళ్లు టీవీ మీద ఉండేవని నాకు తెలుసు.

అప్పుడు నేను డిగ్రీ చదువుతూ, సంఘంలో యౌవనస్థుల కూటం నడిపేవాణ్ణి. ఏటా ఉజ్జీవ కూటాల చివరి రోజున విశ్వాసులు తమను దేవునికి దూరం చేసే లోకపు వస్తువులు తెచ్చి వేదిక ముందు పెట్టేవారు. సిగరెట్ పెట్టెలు, పేకలు, సినిమా పాటల క్యాసెట్లు అన్నీ సంఘపెద్ద గంపలోకి ఎత్తి, మందిరం వెనక కాల్చేవాడు. తెచ్చినవాళ్లు మైకులో సాక్ష్యం చెప్పాలి. నాకు ఏ దురలవాటూ లేదు. నాయకుణ్ణి, సాక్ష్యం లేకుండా ఎలా నిలబడను? తమ్ముడు బడికి పోయినప్పుడు ట్రంకు తెరిచాను. పెట్టెను పైకెత్తి, మా తమ్ముడు పూజించే మా ఇంటి విగ్రహాన్ని తెచ్చానని మైకులో చెప్పాను. జనం 'స్తోత్రం' అంటుంటే ఒళ్లు పులకరించింది. అర్పణ సొంతదై ఉండాలని ఆదివారం బడిలో పిల్లలకు నేర్పేది నేనే.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు మందిరం వెనక పుల్లతో బూడిద కెలుకుతూ కనిపించాడు. ఏడవలేదు. "అన్నా, దాంట్ల ఐదు స్క్రూలుంటయ్. ఇనుము కాలదు కదా. ఒక్కటి సుత లేదేందీ?" అన్నాడు. దైవజనులను అనుమానిస్తావా అని చెంప మీద కొట్టాను. వాడి చేతిలోని పుల్ల బూడిదలో పడింది.

పెద్దయ్యాక వాడు మందిరానికి రావడం మానేశాడు. దారి తప్పిన మా తమ్ముడి కోసం పాతికేళ్లుగా ప్రతి ఉపవాస కూటంలో ప్రార్థన చేయిస్తున్నాను. సంఘపెద్ద పోయినప్పుడు ఆయన శవపేటిక మోసిన నలుగురిలో నేనొకణ్ణి. ఆయన మీద కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ట్రంకు తెరిచింది ఆయన కాదు.

ఆ క్యాసెట్ ఇమ్మంటే కీబోర్డు యువకుడు నవ్వి, ఫొటోలు మాత్రం పంపాడు. అవి పట్టుకుని సైనిక్‌పురిలో తమ్ముడి ఇంటికి వెళ్లాను. జరిగిందంతా చెప్పాను. వాడు కళ్లజోడు పెట్టుకుని, ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"ఐదూ ఉన్నయ్" అన్నాడు.

క్షమించమన్నాను. ఫోను నా చేతిలో పెట్టేశాడు. "ఇంట్ల కూసోని నా చెవిల చెప్తే ఏమొస్తదన్నా? నన్ను విగ్రహం పూజించెటోణ్ణి చేసింది మైకుల కదా. ఇది సుత మైకులనే చెప్పు. ఆ రోజు వస్త, వెనక బెంచీల కూసుంట." మరదలు టీ తెచ్చింది. వాడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ తరువాత నాలుగు ఆదివారాలు గడిచాయి. 'సాక్ష్యం ఉన్నవారు ముందుకు రండి' అని పాస్టరుగారు పిలిచినప్పుడల్లా పాటల పుస్తకంలో తల దూర్చేస్తున్నాను. ఇప్పుడు సంఘపెద్దను నేనే. గంప ఎత్తే పనీ నాదే. పాతబడిన కొద్దీ ఆ క్యాసెట్‌కు ధర పెరుగుతుందట. ముప్పై ఏళ్లు పాతబడిన నా క్షమాపణ మాత్రం, నేను నోరు తెరవని ప్రతి ఆదివారం, ఇంకొంచెం చవకబారిపోతోంది.