అరుంధతి కనబడిందా

నా చిన్నప్పుడు చుక్కల్ని చూడటమంటే చూశానని చెప్పడమే అనుకునేదాన్ని. ఈ మాట నవ్వించడానికి రాయడం లేదు. తొమ్మిదేళ్లు నిండేదాకా నిజంగానే అలా నమ్మాను.

అది 1957. ఊరూరా ఫ్లూ జ్వరం తిరుగుతున్న ఏడాది. మా నాన్న సూరత్‌లో మగ్గాల కార్ఖానాలో పని చేసేవాడు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మూడు కుటుంబాలం ఒకే వరస ఇళ్లలో ఉండేవాళ్లం. ఆ జ్యేష్ఠంలో మా పక్కింటి అక్క పెళ్లి అయింది. జ్వరాల భయంతో ఊరి నుంచి చుట్టాలెవరూ రాలేదు. పెళ్లికొడుకు భివండీ నుంచి తల్లితోనూ మేనమామతోనూ వచ్చాడు. అంతే, మగపెళ్లివారు ముగ్గురు.

తాళి కట్టడం అయ్యాక, ఎండ నెత్తికెక్కుతున్న వేళ, పెళ్లి చేయించిన అయ్యగారు దంపతుల్ని వాకిట్లోకి పిలిచి ఆకాశం వైపు వేలు చూపించి, "అరుంధతి కనబడ్డదా అమ్మా?" అన్నాడు. అక్క కళ్లు చికిలించుకుంటూ కనబడిందని తలూపింది. పెళ్లికొడుకూ ఊపాడు. నేను అమ్మ కొంగు లాగి, నీకు కనబడిందా అని అడిగాను.

"చుప్! అట్లడుగద్దు. కనబడ్డదనాలె" అంది అమ్మ.

నేనూ కనబడిందన్నాను. అప్పటిదాకా నాకు చిక్కుగా ఉన్న సంగతి ఆ మాటతో విడిపోయినట్టయింది. రాత్రిపూట అందరూ చుక్కలు చుక్కలు అంటారు. నాకేమో నల్లగుడ్డ మీద సున్నపునీళ్లు చిలకరించి తుడిచినట్టు మసక తప్ప ఏమీ ఉండేది కాదు. అయితే అందరికీ అంతేనన్నమాట. ఇది కూడా పెద్దల మర్యాదల్లో ఒకటన్నమాట. పోనీలే అనుకున్నాను.

జ్వరాల వల్ల బడి తెరవలేదు. మమ్మల్ని వీధిలోకి పోనిచ్చేవాళ్లు కారు. పొద్దుగూకగానే పిల్లలందరినీ అగాశీ మీదికి తోలేవాళ్లు. మేడ మీది డాబాను సూరత్‌లో అగాశీ అంటారు. మా తాతయ్య మా మధ్య చాప వేసుకుని కూర్చుని చుక్కల కథలు చెప్పేవాడు. ఉత్తరాన నాలుగు చుక్కలు ముసలమ్మ మంచం కోళ్లు. వెనక మూడు చుక్కలు ఆ మంచాన్ని ఎత్తుకుపోతున్న దొంగలు. అయ్యగారి మాటలో ఈ ఏడుగురే సప్తర్షులు. ముందు రెండు కోళ్ల మధ్య ఎంత ఎడముందో దానికి అయిదింతలు సూటిగా పోతే ధ్రువుడు. మధ్య దొంగ వశిష్ఠుడు, అతని పక్కన ఆనీ ఆనకుండా ఉండేది అరుంధతి.

మిగతా పిల్లలు తడబడేవాళ్లు. దొంగలు నలుగురని ఒకడు, మంచానికి అయిదు కోళ్లని ఇంకొకడు. నేను ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. చూసేవాళ్లు పొరబడతారు గానీ బట్టీ పట్టినవాళ్లు ఎందుకు పొరబడతారు? తాతయ్య మురిసిపోయి, "దీనియి గద్ద కండ్లురా" అనేవాడు. ఆ మాట నాకు ఎంత బాగుండేదో చెప్పలేను.

పెళ్లయిన వారానికి పక్కింటి అక్క కూడా అగాశీ మీదికి వచ్చింది. పెళ్లికొడుకు ఊరు చేరాక జ్వరంతో పడ్డాడు. తగ్గేదాకా అక్కను పంపవద్దని కబురొచ్చింది. ఆ తర్వాత మరి కబురు లేదు. అక్క నా పక్కన కూర్చుని మెల్లగా, "ఆ దినం ఊకనే కనబడ్డదన్ననే. ఇప్పుడు నిజంగ చూడాలె. జర చూపెట్టవా?" అంది.

"మా పిల్ల చూపెడ్తది. పో" అన్నాడు తాతయ్య చాప మీంచే.

నేను లేచి నిలబడి, గొంతు పెంచి, ఉత్తరం వైపు వేలు చాచాను. మంచం అన్నాను, దొంగలు అన్నాను, మధ్య దొంగ పక్కన చిన్నది అన్నాను. అమ్మ నాకు చెప్పినట్టే అక్కకూ చెప్పాను: "కనబడ్డదనాలె అక్కా."

అక్క నా వేలు వెంట పైకి చూసింది. తర్వాత, "అక్కడ మబ్బున్నదే" అంది.

సాయంత్రం నుంచీ ఉత్తరమంతా మబ్బు పట్టి ఉందట. పిల్లలందరికీ తెలుసు, నాకు తప్ప. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. "ఓ గద్ద కండ్లూ! మబ్బుల కెల్లి గూడ ఆనుతదా నీకు?" "అరే, ఏ తో ఝూఠీ హై!" అని ఒకడు నన్ను అబద్ధాలకోరును చేశాడు.

నవ్వుల మధ్య నాకు తెలిసింది, మబ్బుంటే వీళ్లకు చుక్కలు కనబడవని. అంటే మబ్బు లేని రోజున కనబడేవన్నమాట. వీళ్లందరూ ఇన్నాళ్లూ నిజంగానే చూస్తున్నారన్నమాట. నేనొక్కదాన్నే గుడ్డిగా వేలు చూపించి మెప్పు పొందాను. మొగుడి క్షేమం కోసం ఆశగా అడిగిన అక్కకు మబ్బును చూపించి చూశాననమన్నాను. మోకాళ్లలో తల దూర్చుకుని కూర్చున్నాను.

ఏనాడైనా చూశావా అని ఒకడు గుచ్చితే మోకాళ్లలోంచే లేదన్నాను. వాడు కిందికి పరుగెత్తి, దీనికి అరుంధతి ఏనాడూ కనబడలేదట అని చెప్పేశాడు. నాయనమ్మ మెట్లెక్కుతూనే ఏడుపు అందుకుంది. "అరుంధతి కానరానోళ్లు ఆర్నెల్లల్ల పోతరంటరు గద! ఇసొంటి జ్వరాల దినాలల్ల నా బిడ్డకు గిట్ల వచ్చెనేందిరా!" నవ్వులు ఆగిపోయాయి. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు చచ్చిపోతానన్న భయం వేసిన మాట నిజమే. కానీ నిజం చెప్పాలంటే, అంతమందిలో నా కళ్ల గురించి ఏడుస్తున్నారన్న సిగ్గే ఎక్కువగా ఉంది.

తాతయ్య చాప మీంచి లేచొచ్చి నాకు ఆనుకుని కూర్చున్నాడు. "ఊకో. నాకు అరుంధతి ఆనక పదేండ్లాయె. నేను పోయిన్నా? దీనికి దూరపు చూపు ఆనుతలేదు, గంతే" అన్నాడు.

నాయనమ్మ ఏడుపు ఆపి ఆయన వైపు తిరిగింది. ఒక పిల్లవాడు అడిగాడు, "మరి దినాం మాకెట్ల జెప్పినవ్ తాతా?"

"యాదికున్నది జెప్పిన. మంచం గూడ మసకనే ఆనుతది నాకు. సిగ్గయ్యి ఇన్నొద్దులు బయట పెట్టలే."

పిల్లలు మళ్లీ విరగబడి నవ్వారు. నాలుగో దొంగ తాతేనని ఒకడు పేరు కూడా పెట్టేశాడు. తాతయ్య వాళ్లతోపాటు నవ్వాడు. దూరంగా ఉన్నవాళ్లకు ఆ నవ్వే కనబడింది. నేను ఆనుకుని ఉన్నాను, దగ్గరి చూపు నాకు బాగానే ఉండేది. ఆయన చెయ్యి పంచె అంచును పీకుతూ ఉండటం చూశాను. ఆ వయసులో, ఆ పెద్దరికంతో, పిల్లల ముందు ఆ మాట ఒప్పుకోవడం ఆయనకు ఎంత కష్టమైందో నాకొక్కదానికే తెలుసు. నా సిగ్గు పోలేదు. కానీ అప్పటి నుంచి అది నా ఒక్కదానిదే కాదు.

ఆడపిల్లకు కళ్లద్దాలేమిటని నాయనమ్మ గొడవ పెట్టినా తాతయ్యే నన్ను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. అక్క భర్త జ్వరం తగ్గాక, శ్రావణంలో వచ్చి ఆమెను తీసుకెళ్లాడు. వానలు వెనకబట్టాక ఒక తెల్లవారుజామున అద్దాలతో చూస్తే ఏడు చుక్కలూ విడివిడిగా కనబడ్డాయి. అరుంధతి మాత్రం ఉన్నట్టూ లేనట్టూ అనిపించింది. అందుకే కనబడిందని ఇక్కడ రాయడం లేదు.

తర్వాత ఇదే ఊళ్లో తెలుగు పిల్లల బడిలో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పాను. నల్లబల్ల ముందు నిలబడి, "నాకు ఈ లెక్క మొదటిసారి ఇక్కడ తెగలేదు, నీకెక్కడ ఆగింది?" అని అడిగేదాన్ని. అర్థమైందా అని మాత్రం ఏ పిల్లనూ ఏనాడూ అడగలేదు. ఆ ప్రశ్నకు పిల్లల దగ్గర జవాబు ఒక్కటే ఉంటుంది.