పేరెత్తని ఆవిడ

స్పెయిన్ ద్వీపం ఒకదాని మీద ఉన్న సియుతదెల్లా పట్నంలో ఏ పూట ఏం చూడాలని కితేరియాను అడిగితే చాలు, కొండవీటి చాంతాడంత జాబితా చదివేస్తుంది. పొద్దున్నే పెద్ద చర్చి. ఎండెక్కాక పాత రాతిగనుల్లో చల్లగా నడక. మూడు వేల ఏళ్ళనాటి రాతి సమాధి ఊరికి కాస్త దూరం, సైకిలు మీద వెళ్ళేవాళ్ళు టోపీ మరవకూడదు. చెప్పులు ఆ సందులో, జున్ను ఈ సందులో. సాయంత్రం సముద్రం ఒడ్డున కోట బురుజు దగ్గర సూర్యాస్తమయం. ఇదంతా ఆరు భాషల్లో చెబుతుంది, ఆరింటిలోనూ తప్పులే. అయినా ముప్ఫై ఏళ్ళలో ఆమె మాట విని దారి తప్పినవాళ్ళు లేరు.

ఆమె అమ్మేది మాత్రం ఒక్కటే, తమ పడవ టిక్కెట్లు. అడుగున అద్దం బిగించిన పడవ అది. కింద కూర్చుంటే చేపలూ, నాచూ, ఇసుకా అన్నీ కనిపిస్తాయి. టిక్కెట్ల గది పైన పెద్ద చౌకులో ఉంటుంది, పడవ కింద రేవులో ఉంటుంది. రెంటికీ మధ్య తొంభై మెట్లు. చౌకు చివర పిట్టగోడ మీద నుంచి తొంగిచూస్తే రేవంతా కనిపిస్తుంది. సన్నటి సందులా ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన రేవది.

అరవై రెండేళ్ళ మనిషి. పన్నెండేళ్ళకే తండ్రి తెచ్చిన చేపలు కోసింది. పంతొమ్మిదేళ్ళకు తోలుచెప్పుల దుకాణంలో వార్లు కుట్టింది. పెళ్ళయ్యాక ముసలి చేపలపడవకు అద్దం బిగిద్దామని మొగుడి చెవినిల్లు కట్టుకుని పోరింది ఆమే. మొగుడు పోయి పన్నెండేళ్ళు. ఇప్పుడు పడవ నడిపేది కూతురు కొలోమా మొగుడు, ఫెర్మీన్.

ఆ రేవుకో పాడు అలవాటుంది. కొన్నేళ్ళకోసారి, వేసవి మొదట్లో గాలీవానా ఏమీ లేని రోజున, ఉన్నట్టుండి నీళ్ళన్నీ వెనక్కి పోతాయి. అడుగున బురద తేలుతుంది. నాలుగు నిమిషాలో ఐదో గడిచాక పోయిన నీళ్ళన్నీ ఒక్కసారిగా గోడలా తిరిగొస్తాయి. దాన్ని ఊరంతా రిస్సాగా అంటుంది. కితేరియా ఇంట్లో మాత్రం ఆ మాట నోటితో అనరు. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు అన్న భోజనాల దగ్గర వేళాకోళానికి ఆ పేరెత్తాడు. సాయంత్రానికల్లా తండ్రి పడవ రెండు ముక్కలైంది. ఆనాటి నుంచీ తండ్రి ఆ పేరు నిషేధించాడు. ఇక అనాల్సి వస్తే "ఆవిడ" అనాలి. ఆవిడ వచ్చేట్టుంది, జనాన్ని ఒడ్డెక్కించండి, తాళ్ళు వదలండి. తాడు పొడుగ్గా ఉంటే పడవ నీటితోపాటు దిగి, నీటితోపాటు లేస్తుంది. బిగిస్తే ఉరేసుకున్నట్టే.

రేవులో పాతవాళ్ళకు ఈ సంగతి తెలుసు. వలలు బాగుచేసే తొమేవు ఏటా ఏడిపించేవాడు.

"ఏం కితేరియా, మీ చుట్టం పండక్కి ముందొస్తుందా, వెళ్ళాకా?"

"నీ నోట్లో మన్ను పడ! నీ వలలేవో నువ్వు చూసుకో."

తెలియనిదల్లా ఫెర్మీన్‌కే. అతను ద్వీపం వాడు కాదు, స్పెయిన్ నడిబొడ్డున గోధుమ చేలల్లో పెరిగినవాడు. తాపీపనికి వచ్చి, కొలోమాను చూసి ఉండిపోయాడు. అతను వచ్చాక ఆవిడ ఒక్కసారీ రాలేదు. మర్యాదస్తుడు. ముసలమ్మలను చెయ్యి పట్టుకుని పడవెక్కించేవాడు. తల్లి చెప్పే ఉంటుందని కూతురు, కూతురు చెప్పే ఉంటుందని తల్లి. చెప్పాలంటే పేరెత్తాలి, పేరెత్తితే అరిష్టం. ఎంత తెలివైన ఇంట్లోనైనా ఇలాంటి మూర్ఖత్వం ఒకటి ఉంటుంది, అందరూ దాన్ని భక్తి అనుకుంటారు.

గుర్రాల పండుగ నాలుగు రోజులుందనగా ఒక పొద్దున కితేరియా టిక్కెట్లమ్మి గది బయటికి వస్తూ ఆకాశం వంక చూసింది. ఆకాశం పసుపు రంగు తిరిగి ఉంది. గాలి ఆగిపోయింది, వేడి మాత్రం కుండ మూత తీసినట్టు మొహానికి కొడుతోంది. పిట్టగోడ దగ్గరికి వెళ్ళి కిందికి చూసింది. రేవులో నీళ్ళు జానెడు లేచాయి, జానెడు దిగాయి. మళ్ళీ లేచాయి. 

పదకొండింటికి పడవ కదలాలి. ముప్ఫై ఒక్క టిక్కెట్లు తనే అమ్మింది. జనం అప్పటికే ఎక్కుతున్నారు. ఫోను తీసింది.

"ఫెర్మీన్, విను. ఆవిడ వస్తోంది."

"అలాగా అత్తయ్యా! ఎంతసేపట్లో?"

"ఆవిడేమైనా చెప్పి వస్తుందా? పది నిమిషాలు కావచ్చు, గంట కావచ్చు."

"మా మేనత్తలాగే ఉంది," అని నవ్వాడు.

"నవ్వకు! ఆవిడతో పరాచికాలొద్దు."

"తప్పు తప్పు. మర్యాదగా చూసుకుంటాను, మీరు బెంగపడకండి."

"పడవ కదపకు. తాళ్ళు చూడు. జనం సంగతి చూడు."

"అన్నీ చూస్తాను. ఆవిడ వచ్చేదాకా ఇక్కడే ఉంటాను, సరేనా?"

సరేనంది. గుండెలు తీసిన బంటులా ఉన్నాడే, దీన్ని కూడా నవ్వుతాలుగా తీసుకున్నాడు అనుకుంది. కాస్త గర్వంగా కూడా అనిపించింది, ఇన్నాళ్ళకు అల్లుడు రేవు మనిషయ్యాడని. అప్పుడే ఒక జంట వచ్చి రాతి సమాధికి బస్సుందా అని అడిగారు. లేదని చెప్పి, దారి గీసిచ్చి, టోపీ సంగతి కూడా చెప్పింది.

వాళ్ళు వెళ్ళాక మళ్ళీ పిట్టగోడ దగ్గరికి వచ్చింది. కిందికి చూసింది. పడవ గుడ్డ పందిరి కింద జనం కిక్కిరిసి కూర్చుని ఉన్నారు. ఎవరూ దిగలేదు. తాళ్ళు రెండూ బిగించి ఉన్నాయి. ఎవరో పెద్దమనిషి ఎక్కేటప్పుడు పడవ ఊగకుండా కట్టినట్టు, ఇంకాస్త బిగించి ఉన్నాయి. ఫెర్మీన్ గట్టు మీద, పడవెక్కే చెక్కబల్ల పక్కన నిలబడి మెట్ల వైపు చూస్తున్నాడు.

"దింపెయ్! అందర్నీ దింపెయ్!" అని అరిచింది. అతను తలెత్తి చూశాడు. ఇంకా రాలేదన్నట్టు చేతులు తిప్పి చూపించాడు. ఫోను చేస్తే మోగుతోంది కానీ ఎత్తడం లేదు. దాన్ని పడవలోనే పెట్టి వచ్చినట్టున్నాడు.

కితేరియా మెట్లు దిగడం మొదలుపెట్టింది. కుడి మోకాలు పదేళ్ళ కిందటే చెడింది. నలభై మెట్లు దిగేసరికి కింద నుంచి ఒక చప్పుడు వచ్చింది, వందల గిన్నెలు ఒకేసారి ఈడ్చినట్టు. పడవల అడుగులు రాళ్ళకు ఒరుసుకుంటున్న చప్పుడది. నీళ్ళు పోతున్నాయి.

ఆ తర్వాత రేవులో వాళ్ళు చేసింది చేశారు. తొమేవు కత్తితో తాళ్ళు కోశాడు. హోటలు వాళ్ళు నిచ్చెన తెచ్చి వేశారు. ఒక పక్కకు వేలాడిన పడవ బురదలో ఒరిగిపోయింది. జనం ఒకరి మీద ఒకరు పడుతూ, ఏడుస్తూ, జోళ్ళు వదిలేసి పైకి వచ్చారు. కింద నిలబడి ఒక్కొక్కరినీ ఎత్తి అందించింది ఫెర్మీనే. అందరూ వచ్చేశారు. కితేరియా రొప్పుతూ గట్టు మీదికి చేరేసరికి తొమేవు చేతిలో ఇంకా కత్తి ఉంది.

"ఫెర్మీన్ ఏడి?"

"మళ్ళీ లోపలికి దిగాడు. ఇప్పుడే వస్తానన్నాడు."

"ఎందుకు?"

"ముప్ఫై ఒక్కరూ వచ్చారు, అత్తయ్య పంపినావిడ ఒక్కతే రాలేదన్నాడు. తను బల్ల సర్దుతుంటే ఆవిడ ఎక్కి కింద అద్దం దగ్గర కూర్చుందేమో చూస్తానన్నాడు. ఎవరు కితేరియా? ఎవర్ని పంపావు?"

 కితేరియాకు ఫోనులో తను అన్న ఒక్కొక్క ముక్కా, అతను అన్న ఒక్కొక్క ముక్కా వరసగా అర్థమయ్యాయి. గట్టు అంచుకు వెళ్ళి వంగింది.

"ఫెర్మీన్! ఆవిడ లేదు! ఎవరూ లేరు! పైకి రా నాయనా!"

రేవు మూతి దగ్గర తెల్లటి గీత ఒకటి కనిపించింది. జనం మెట్ల వైపు పరుగు తీస్తున్నారు. తొమేవు ఆమె నడుం పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. ఆమె వాడి చేతులు గోళ్ళతో రక్కింది. యాభై మూడేళ్ళుగా నోటితో అనని పేరును గొంతు చించుకుని అరిచింది. ఒకటికి నాలుగుసార్లు అరిచింది. ఫెర్మీన్‌కు ఆ మాటకు అర్థమేమిటో ఎవరూ చెప్పలేదు.

ఒరిగిన పడవ లోపల నుంచి అతని గొంతు వినిపిస్తూనే ఉంది. బల్లలు జరుపుతూ, నిదానంగా, కొత్తవాళ్ళతో మాట్లాడే మర్యాదతో పిలుస్తున్నాడు.

"అమ్మా, ఎక్కడున్నారండీ? భయపడకండి. నేను కితేరియాగారి అల్లుణ్ణి. చెయ్యందించండమ్మా, నేను తీసుకెళ్తాను."

అప్పుడు నీళ్ళు వచ్చాయి.